మీదూరు అద్దె ఇళ్ళ తూకం

మొదటి రోజు. ఎత్తు 1826 మీటర్లు.

గంపలో పైకి వచ్చేటప్పుడు కళ్ళు మూసుకున్నాను. కింద కొండ మీద నలభై తొమ్మిది డిగ్రీల ఎండ. ముప్పావు గంట తర్వాత గంప ఆగింది. ఎవరో నా చెయ్యి పట్టి లాగితే కళ్ళు తెరిచాను. చల్లటి గాలి మొహాన కొట్టింది. నాకు నవ్వొచ్చింది. ఏ కారణమూ లేకుండా, చెక్కల వంతెన మీద నిలబడి, ముక్కూ మొహమూ తెలియని మనుషుల ముందు పొట్ట పట్టుకుని నవ్వాను.

"అందురూ ఇట్లనే నవ్వుతారు పాపా," అన్నాడు నా చెయ్యి పట్టుకున్న పెద్దాయన. "గాలి పల్చన గదా, తలకెక్కుతాది. రెండు దినాల్లో తగ్గిపోతాది."

ఆయన పేరు కుళ్ళాయప్ప. మీదూరు ఇళ్ళ బాధ్యతంతా ఆయనదే. వాళ్ళ నాన్న తర్వాత ఈయన. నన్ను పిలిపించింది కూడా ఈయనే.

అరవై నాలుగు ఇళ్ళు. ఒక్కో ఇంటి మీదా గడ్డివామంత తిత్తి, దాని నిండా తేలిక గాలి. ఇళ్ళన్నీ తాళ్ళ వంతెనలతో ఒకదానికొకటి ముడిపడి, నాలుగు ఉక్కు తాళ్ళతో కింది కొండకు కట్టి ఉన్నాయి. ఎవరో మామూలు వీధి అన్నట్టుగా వంతెన మీద పరుగెత్తుతూ పోయారు. ఊరంతా ఊగింది. నేను కుళ్ళాయప్ప కండువా పట్టుకున్నాను.

నా పని: ఈ ఇళ్ళను అద్దెకివ్వడానికి, ఎవరు ఏ ఇంట్లో ఉన్నారో చూసుకోవడానికి, మరమ్మతులు రాసుకోవడానికి ఒక వెబ్ యాప్ పెట్టడం. ఇరవయ్యో రోజున తనిఖీ అధికారి వస్తాడు. అప్పటికి అది నడుస్తూ ఉంటేనే ఊరికి ఇంకో ఏడాది అనుమతి. లేకపోతే ఈ వేసవి మధ్యలోనే అందరూ కిందికి దిగాలి.

పని పూర్తయితే అరవై నాలుగో ఇల్లు నాకిస్తారు. వెళ్ళి చూసుకున్నాను. ఒక గది, ఒక కిటికీ, కిటికీలో మేఘం. కింద నేనుండేది నేలమాళిగలో, తొమ్మిదిమందితో. వంతులు వేసుకుని పడుకుంటాం. కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

మూడో రోజు. 1824.

సర్వర్ పెట్టె బిగించడం ఒక పూట పని. అసలు పని ఆఫీసు వెనక గదిలో ఉంది. పద్నాలుగు ట్రంకు పెట్టెల నిండా రిజిస్టర్లు. ముప్పై ఏళ్ళుగా ఎవరు ఏ ఇంట్లో దిగారు, ఎప్పుడు ఖాళీ చేశారు, ఏ తాడు మార్చారు, అంతా చేతిరాత. నేను పేజీ పేజీ ఫోటో తీస్తుంటే కుళ్ళాయప్ప పక్కన కూర్చుని చదివి చెప్పాడు.

"ఇరవై రెండో ఇంటికి అడ్రసు ఏం రాయాల మామా?"

"రాసినా చూడు. 'దస్తగిరమ్మ కేకలు వినపడే ఇండ్లల్లో మూడోది.'"

"దస్తగిరమ్మ ఇల్లు?"

"పదిహేడు. దానికి అడ్రసెందుకు పాపా, చెవులుంటే చాలు."

నిజమే. రోజూ పొద్దున ఆరింటికి పదిహేడో ఇంట్లోంచి తిట్లు మొదలవుతాయి. ఆమె మొగుడు ముప్పై ఏళ్ళ కిందట రామాంజినమ్మ అనే ఆవిడ వెంట వెళ్ళిపోయాడట. ఆయన చనిపోయాక కూడా దస్తగిరమ్మ ఆ సవతిని తిట్టడం మానలేదు. ఊరివాళ్ళు ఆ తిట్లు విని లేచి పొయ్యి వెలిగించుకుంటారు.

ఆరో రోజు. 1820.

యాప్ కి పేరు పెట్టాం: అద్దిల్లు. అద్దె, ఇల్లు, రెండూ కలిసొచ్చాయని కుళ్ళాయప్ప మురిసిపోయాడు. తెర మీద ఊరి బొమ్మ, ఇల్లిల్లూ ఒక చుక్క. చుక్క నొక్కితే ఇంట్లో ఉన్నవాళ్ళ పేర్లు, ఒప్పందం, తాళ్ళ వయసు, ఆ వారం వాళ్ళ వంతు కుట్టుపని వస్తాయి. ఇక్కడ అద్దె అంటే వారానికి రెండు పూటలు తిత్తులకు కుట్లు వేయడం.

పరీక్ష కోసం లేని మనిషినొకణ్ణి సృష్టించాను. పేరు పరంధామయ్య, ముప్పై ఒక్క ఏళ్ళు, ఒంటరి, అరవై నాలుగో ఇల్లు. సాయంత్రానికల్లా ముగ్గురు ఆడవాళ్ళు ఆఫీసుకు వచ్చి, ఆయనది ఏ ఊరు, పెళ్ళి సంబంధాలు చూస్తున్నారా అని అడిగారు. తుడిచేశాను. ఒకావిడ నిజంగా బాధపడింది.

ఒకటే చిన్న చింత. వచ్చినప్పటి నుంచి ఊరు ఆరు మీటర్లు దిగింది. పద్దెనిమిది వందల కంటే దిగకూడదు. కింద సెగ పొర ఉంటుంది. అందులోకి పోతే తిత్తుల గుడ్డ పెళుసుబారుతుంది. తిత్తులు పాతబడ్డాయిలే అన్నాడు కుళ్ళాయప్ప, నా కళ్ళలోకి చూడకుండా.

తొమ్మిదో రోజు. 1814.

ప్రతి ఇంటి ప్రధాన తాడుకూ ఒక తూకపు ముల్లు ఉంది. దాన్ని అద్దిల్లుకు కలిపాను. ఇక నుంచి ఇంట్లో ఎంతమంది ఉన్నట్టు రాసి ఉంటే అంత బరువుకు సరిపడా గాలి ఆ తిత్తికి దానంతటదే పోతుంది. ఊరి మొత్తం గాలి పెరగదు, ఇళ్ళ మధ్య పంపకం మాత్రమే సరిగ్గా ఉంటుంది. ఇప్పటిదాకా కుళ్ళాయప్ప చేత్తో తిప్పేవాడు.

బటన్ నొక్కాను. ముప్పై దాకా చుక్కలు ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. రాసి ఉన్న బరువు కంటే అసలు బరువు ఎక్కువ.

నా కోడ్ లోనే తప్పుందనుకున్నాను. రోజంతా వెతికాను. పరంధామయ్య ఎక్కడైనా మిగిలిపోయి ముప్పై ఇళ్ళల్లో కాపురం పెట్టాడేమోనని కూడా చూశాను. లేడు.

పదో రోజు. 1811.

పదిహేడో ఇంటికి వెళ్ళాను. నలభై ఆరు కిలోలు ఎక్కువ చూపిస్తోంది.

దస్తగిరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అరవై రెండేళ్ళ మనిషి, గుమ్మమంత మనిషి.

"ఏం మేయ్, నా ఇంటి బరువుతో నీకేం పని? మోసేది తిత్తి, నువ్వా?"

"ముల్లు చెడిపోయిందేమో చూసిపోతా అత్తా."

"బాగుండాది. పో."

"లోపల రుబ్బురోలేమైనా..."

లోపల ఎవరో దగ్గారు. రుబ్బురోలు దగ్గదు. దస్తగిరమ్మ మొహం పాలిపోయింది. మంచం వెనక నుంచి ఒక సన్నటి ముసలావిడ లేచి నిలబడి కొంగు సర్దుకుంది.

"నేనేలేమ్మా ఆ నలభై ఆరు కిలోలు," అంది. "రామాంజినమ్మ అంటారు."

నేను ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూశాను. దస్తగిరమ్మ నన్ను లోపలికి లాగి తలుపేసింది.

"కింద సత్రం అరుగు మీద పడుండాదని తెల్సింది," అంది గొంతు తగ్గించి. నేను ఆ గొంతు తగ్గగా వినడం అదే మొదటిసారి. "ఎవురూ లేరంట. ఆ ఎండకు ఎన్ని దినాలుంటాది? బియ్యం గోతంలో పెట్టుకోని తెచ్చుకుంటి. ముప్పై ఏండ్లు ఊరంతా వినేట్టు తిట్టినదాన్ని, ఇప్పుడు కూడు పెడతాండానని తెలిస్తే నా మొగం యాడ పెట్టుకోవల్ల?"

"మరి రోజూ పొద్దున తిట్లు?"

"మానేస్తే అనుమానం రాదా?"

"ముందు కంటే బాగుంటాండాయి," అంది రామాంజినమ్మ నాకు మజ్జిగ గ్లాసు ఇస్తూ. "నేను ఎదురుగా ఉండా గదా, ఆమెకు కొత్త కొత్తవి తోస్తాండాయి. మరిచిపోతే నేనే అందిస్తా."

బయటికి వచ్చాక వంతెన మధ్యలో కూర్చుని, మొదటి రోజు కంటే ఎక్కువ నవ్వాను.

పదమూడో రోజు. 1803.

ప్రతి ఇంటికీ వెళ్ళాను. ఐదో ఇంట్లో సన్నాయి వాయించే ఆయన ఉన్నాడు, పేరు పీరయ్య. నెల రోజులుగా సన్నాయిని గుడ్డలో చుట్టి పక్కన పెట్టుకుని, శబ్దం రాకుండా దాని మీద వేళ్ళు మాత్రం ఆడిస్తున్నాడు. ముప్పై మూడో ఇంట్లో బడి పంతులమ్మ ఉంది. ఆమెను దాచింది చిన్నప్పుడు ఆమె చేతిలో మూడుసార్లు పరీక్ష తప్పినవాడు. మొత్తం నలభై ఒక్కమంది. ఎండ ముదిరేకొద్దీ మనుషులు తమవాళ్ళను మూటల్లో, గోతాల్లో, పరుపు చుట్టల్లో పైకి తెచ్చుకున్నారు. ఒక మనిషి ఎక్కితే ఊరు సుమారు ఒక మీటరు దిగుతుంది. అందరూ తాము తెచ్చిన ఒక్కరితో ఏమవుతుందిలే అనుకున్నారు.

కుళ్ళాయప్పకు ముందే తెలుసు.

"మా నాయన పెట్టిన కట్టుబాటు పాపా, ఊరికి రెండు నూర్ల పదిమందే అని. వాళ్ళ పేర్లు రాస్తివా, దించేయమంటారు. యాడికి దించేది? నువ్వే చెప్పు."

 కింద తొమ్మిదిమందితో నేనుండే నేలమాళిగ నాకు తెలుసు.

అందుకని ఒక పని చేశాను. ఎర్ర హెచ్చరికలు వచ్చే భాగాన్ని మూసేశాను. అరవై నాలుగు చుక్కలూ పచ్చగా మారాయి. తెర ముచ్చటగా ఉంది. కుళ్ళాయప్ప నా నెత్తి మీద చెయ్యి పెట్టి, బొరుగుల ఉగ్గాని తెప్పించాడు. సగమే తిన్నాను.

పదిహేనో రోజు. 1793.

తెర పచ్చగా ఉందని ధైర్యం వచ్చి, రెండు రోజుల్లో ఇంకో పదిమందిని ఎక్కించుకున్నారు. పొద్దున తిట్లు వినిపించాల్సిన వేళకు కేక వినిపించింది. అది తిట్టు కాదు.

పదిహేడో ఇల్లు ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. ఒకరికి సరిపడా గాలితో ఇద్దర్ని మోస్తూ, ఇన్ని రోజులు పక్కింటి వంతెన మీద వేలాడింది. ఆ వంతెన తాడు ఒక పేట తెగింది. హెచ్చరిక వచ్చి ఉంటే నిన్ననే తెలిసేది. ఆ హెచ్చరికను మూసింది నేను.

గుమ్మం దగ్గర దస్తగిరమ్మ ఒక చేత్తో తలుపు చట్రం పట్టుకుని, రెండో చేత్తో రామాంజినమ్మ చెయ్యి పట్టుకుని వేలాడుతోంది. ఊరంతా చూస్తోంది. దాచడానికి ఇంకేమీ మిగలలేదు. కుళ్ళాయప్పా, ఇంకో పదిమందీ కలిసి తాళ్ళు విసిరి ఇద్దర్నీ ఇవతలికి లాగారు. నేను ఆఫీసుకు పరిగెత్తి ఆ తిత్తికి చేత్తో గాలి తిప్పాను. ఇల్లు మెల్లగా నిలువుకు వచ్చింది.

 దస్తగిరమ్మ ఊపిరి తీసుకుని చుట్టూ చూసింది.

"ఏం చూస్తాండారు? ఔ, ఇదే రామాంజిని. మీ ఇండ్లల్లో మాత్రం ఎవురూ లేరా?"

ఐదో ఇంటాయన తల దించుకున్నాడు. ముప్పై మూడో ఇంటాయన చెవి గోక్కున్నాడు. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. అక్కడి నుంచి ఆగలేదు. ఒక్కో తలుపూ తెరుచుకుని ఒక్కో మనిషి బయటికి వచ్చి, ఎండలో కళ్ళు చిట్లించి నిలబడుతుంటే ఊరు ఊరంతా వంతెనల మీద నవ్వింది. పంతులమ్మ మాత్రం ముందుగా అందరి పిల్లల చదువులు ఎంతవరకు వచ్చాయని అడిగింది.

నేను నిలబడి నా తప్పు చెప్పాను. హెచ్చరికలు నేనే మూశానని, ఇంట్లో ఉన్నవాళ్ళ పేర్లు నిజంగా రాస్తే తప్ప తిత్తులకు సరైన గాలి పోదని చెప్పాను. "రాయకపోతే పడిపోతాం. రాస్తే అధికారి దించుతాడేమో. రెండోదానికైతే ఏదైనా దారి వెతుకుదాం," అన్నాను.

"రాయి మేయ్," అంది దస్తగిరమ్మ. "ముందు మాదే రాయి."

పదహారో రోజు. 1793.

ఆఫీసు ముందు వరుస. కొత్తవాళ్ళంతా కాటా ఎక్కి, పేరు చెప్పి, వేలిముద్ర వేస్తున్నారు. ఫారంలో బంధుత్వం అనే గడి ఉంది. భార్య, తండ్రి, కూతురు, అల్లుడు... వాటిలోంచి ఒకటి ఎంచుకోవాలి. దస్తగిరమ్మా రామాంజినమ్మా తెర ముందు కూర్చుని పావుగంట పోట్లాడారు.

"అక్క అని రాయమ్మా," అంది రామాంజినమ్మ.

"నేనెందుకు దీనికి అక్కనైతా? ఎవురూ గాదని రాయి."

"ఎవురూ గాదంటే ఈ గడి ఒప్పుకోదు అత్తా. ఏదో ఒకటి నొక్కాల."

"అట్లయితే మా మనిషి అని రాయి. అంతే. అంతకంటే నేను చెప్పను."

ఆ గడిలో 'మా మనిషి' అని కొత్తగా ఒకటి చేర్చాను. వరుసలో వెనక ఉన్నవాళ్ళలో పదిహేనుమంది దాన్నే ఎంచుకున్నారు. పంతులమ్మను దాచినవాడు కూడా.

మధ్యాహ్నం, అనుమతి పత్రం యాప్ లోకి ఎక్కిస్తూ మొదటిసారి మొత్తం చదివాను. ఎత్తు పద్దెనిమిది వందల మీటర్లకు తగ్గకూడదని ఉంది. తాళ్ళ వయసు ఎంత ఉండాలో ఉంది. ఎంతమంది ఉండాలన్న మాట ఎక్కడా లేదు. ఇంకోసారి చదివాను. లేదు. కుళ్ళాయప్ప దగ్గరికి కాగితం పట్టుకుని పరిగెత్తాను.

"మామా, రెండు వందల పది మీ నాయన పెట్టిన లెక్క. ప్రభుత్వం అడిగేది ఎత్తు ఒక్కటే!"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని చదివాడు. "అంటే, మనుషులు ఉండొచ్చు. బరువు పోవాల."

"అంతే."

"అంతే గదా!" అని ఆయన వంతెన మీద ఒక గెంతు గెంతాడు. అరవై ఏళ్ళ మనిషి.

పంతొమ్మిదో రోజు. 1797.

మూడు రోజులుగా రాయడానికి కుదరలేదు. ఊరంతా బరువు దించింది. రుబ్బురోళ్ళు, ఇనుప మంచాలు, బీరువాలు, రాగి కాగులు, పెళ్ళినాటి ఇత్తడి బిందెలు గంపలో కిందికి పోయి కొండ మీది సత్రంలో చేరాయి. ఒకాయన వ్యాయామం కోసం పెట్టుకున్న ఇనుప గుండ్లను చివరిసారి ఎత్తి చూపించి మరీ దించాడు. బెల్లం దిమ్మలు కిందికి పంపడం ఎందుకని ఇరవయ్యో ఇంటివాళ్ళు అందరికీ పంచి తినిపించారు. తింటే ఊరి బరువు తగ్గదని నేను అరిచి చెప్పాను. అప్పటికే నా నోట్లో కూడా ఒక ముక్క ఉంది.

గంప దిగినప్పుడల్లా ఊరు కొంచెం లేస్తుంది. కడుపులో గిలి. తెర మీద అంకె మారినప్పుడల్లా జనం ఈల వేస్తున్నారు. పీరయ్య సన్నాయి విప్పాడు. తేలికైనదేలెమ్మని దాన్ని ఉంచనిచ్చాం.

ఇంకా మూడు మీటర్లు కావాలి. ఇళ్ళల్లో దించడానికి ఏమీ లేదు. ఆఫీసు వెనక గదిలో పద్నాలుగు ట్రంకు పెట్టెలు ఉన్నాయి. ఆ మాట ఎత్తాను.

"అన్నీ ఫోటోలు తీశాను గదా మామా. ఒక్క అక్షరం పోలేదు."

"ఫోటోల్లో అక్షరాలుండాయి పాపా. మా నాయన రాసిన కాగితం లేదు." ఆయన గది తలుపు వేసుకున్నాడు. 

ఇరవయ్యో రోజు.

తనిఖీ అధికారి పేరు అశ్వత్థనారాయణ. భారీ మనిషి. ఒక సహాయకుడు, కొలత సామాన్లున్న ఇనుప పెట్టె. గంప దిగగానే ఆయన కూడా నవ్వాడు, ఆపుకోలేక రుమాలు అడ్డం పెట్టుకుని. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

ఆయన మొదట అద్దిల్లు తెరిచి చూశాడు. తన ఫోన్ లోనే లాగిన్ అయ్యాడు. ఇళ్ళు, పేర్లు, తాళ్ళు, అన్నీ తిప్పి చూశాడు. తెగిన తాడు సంగతి, దాని కారణం, నా పేరుతో సహా రాసి ఉంది. అది చదివి నావైపు చూశాడు.

"ఇది మీరే రాసుకున్నారా?"

"అవును సార్."

"సాధారణంగా ఎవరూ రాయరు," అన్నాడు. తర్వాత ఎత్తు చూశాడు. "వెయ్యిన్ని ఏడు వందల తొంభై మూడు. ఏడు మీటర్లు తక్కువ."

 వచ్చినవాళ్ళ బరువుకు ఊరు ఇంకా దిగింది.

ఎవరూ గమనించకుండా రామాంజినమ్మ తన గుడ్డల మూట చంకలో పెట్టుకుని గంప వైపు నడిచింది. అడ్డుకర్ర తీసి లోపల కూర్చుంది కూడా. "ఒక మీటరన్నా నాతో లేస్తాది గదా," అంది చక్రం తిప్పేవాడితో. "తిప్పు నాయనా."

"ఏయ్!"

ఆ కేకకు అధికారి చేతిలోని మజ్జిగ ఒలికింది. దస్తగిరమ్మ వంతెన అదిరేలా వచ్చి, రామాంజినమ్మ మూట లాక్కుంది.

"దిగు! దిగవే! నా మొగుణ్ణి ఎత్తుకపోతివి, ఊరుకుంటి. ఇప్పుడు నువ్వు గూడా పోతావా? పొద్దున లేచి నేనెవుర్ని తిట్టల్ల? ఇంగ నాకెవురుండారే?"

రామాంజినమ్మ కూర్చున్నచోటే ఏడ్చింది. దస్తగిరమ్మ ఆమె రెక్క పట్టి లేపి, ఆ చెయ్యి మళ్ళీ వదల్లేదు.

అప్పుడు వెనక నుంచి రేకు చప్పుడు వినిపించింది. కుళ్ళాయప్ప ఒక ట్రంకు పెట్టెను చెక్కల మీద ఈడ్చుకుంటూ వస్తున్నాడు. దాన్ని గంపలో పెట్టాడు. వెళ్ళి రెండోది తెచ్చాడు. మూడోదానికి పదిమంది వచ్చి పట్టుకున్నారు. పద్నాలుగోది ఎక్కించేముందు మూత తీసి, పైన ఉన్న రిజిస్టరు అట్టను అరచేత్తో ఒకసారి తుడిచి, మూశాడు.

"సత్రంలో వాన పడనిచోట పెట్టమని చెప్పండప్పా," అన్నాడు. "మా నాయనకు మనుషులంటేనే ఇష్టం. ఏమనుకోడు."

గంప దిగింది. తెర మీద అంకెలు కదిలాయి. తొంభై ఐదు. తొంభై ఏడు. తొంభై తొమ్మిది. ఆగిపోయింది.

ఒక్క మీటరు.  అశ్వత్థనారాయణ కలం పట్టుకుని నిలబడ్డాడు. రాయడం ఆయనకూ ఇష్టం లేదని మొహం చెబుతోంది. నేను ఆయన బూట్ల వైపు చూశాను. తర్వాత ఇనుప పెట్టె వైపు.

"సార్, తప్పుగా అనుకోకండి. మీ బరువెంత?"

ఆయన పొట్ట లోపలికి పీల్చుకున్నాడు. "ఎందుకూ?"

"మీరు ఈ ఊళ్ళో అద్దెకు లేరు సార్. మీ బరువు మా లెక్కలోకి రాదు. గంప ఎక్కి, దిగుతూ ఫోన్ లో ఎత్తు చూడండి."

 ఆయన కంటే ముందు సహాయకుడికి అర్థమై నవ్వాడు. ఖాళీ గంప పైకి వచ్చేదాకా అధికారి చల్లగాలికి మొహం పెట్టుకుని కూర్చున్నాడు. ఎక్కేముందు మజ్జిగ ఇంకో గ్లాసు అడిగి తాగాడు. ఆయన, సహాయకుడు, ఇనుప పెట్టె, ముగ్గురి బరువుతో గంప వంతెనను వదిలింది.

ఊరు లేచింది. అందరి అరికాళ్ళకూ తెలిసింది. కింద, గంపలోంచి, ఫోన్ చేత్తో పైకెత్తి పట్టుకుని అశ్వత్థనారాయణ అరుస్తున్నాడు. గాలికి మాటలు చెదిరిపోతున్నాయి. "పద్దెనిమిది వందలు! ఒకటి! రెండు! మూడు! పద్దెనిమిది వందల మూడు!"

పీరయ్య సన్నాయి అందుకున్నాడు. నెల రోజులుగా వేళ్ళలో దాచుకున్నదంతా ఒక్కసారి ఊదాడు. గెంతకండి, తాళ్ళు కొత్తవి కావు అని కుళ్ళాయప్ప అరుస్తూ తనే గెంతుతున్నాడు. నన్ను ఎవరో ఎత్తి తిప్పారు. ఎవరో తెలియదు. నేను కూడా ఎవర్నో ఎత్తడానికి ప్రయత్నించాను. అది దస్తగిరమ్మ అని తెలిశాక మానుకున్నాను.

ఇరవై నాలుగో రోజు. 1803.

అనుమతి వచ్చింది. అరవై నాలుగో ఇంటి ఒప్పందం నేనే తయారుచేసి, నేనే సంతకం పెట్టి, నాకు నేనే అభినందనల సందేశం పంపుకున్నాను.

రామాంజినమ్మ ధర్మవరం మగ్గాల దగ్గర పెరిగిన మనిషట. గుడ్డను వేళ్ళతో తడిమి చూసి, పాత తిత్తుల కుట్లు వదులని చెప్పింది. కొత్తవాళ్ళందరితో అరవై ఐదో తిత్తి కుట్టిస్తోంది. దస్తగిరమ్మ పక్కన కూర్చుని దారాలు ఎక్కిస్తూ, కుట్టు వంకరపోయినప్పుడల్లా తిడుతోంది. పక్కనున్నవాళ్ళు రామాంజినమ్మ తరఫున తిరిగి తిడుతున్నారు.

ఇవాళ పొద్దున అద్దిల్లులో మొదటి కొత్త దరఖాస్తు వచ్చింది. పేరు అశ్వత్థనారాయణ. కుటుంబ సభ్యులు, తానొక్కడే. బరువు, నూట పన్నెండు కిలోలు. కింద వివరాల గడిలో ఇలా ఉంది: "మూడు నెలల గడువు ఇస్తే పన్నెండు కిలోలు తగ్గుతాను. దయచేసి పరిశీలించగలరు."

కుళ్ళాయప్పను పిలిచి చూపించాను. ఇన్ని రోజుల్లో ఆయన ఎప్పుడూ తెర మీద వేలు పెట్టలేదు. ఈసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒక్కొక్క అక్షరం వెతికి వెతికి, ఒకే వేలితో, దాదాపు పావుగంట కొట్టాడు. నేను సాయం చేస్తానంటే ఒప్పుకోలేదు. పూర్తయ్యాక తనే పంపించు బటన్ నొక్కి, నావైపు తిప్పి చూపించాడు.

"రాండి సారూ. తిత్తి కుడతాండాము. ఇనుప పెట్టె మాత్రం కిందనే పెట్టి రాండి."